బాల్కనీలో నిద్ర

ఫిబ్రవరి 4, ఆదివారం

వంతెన కింద మెట్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. బుద్ధి ఉంటే వెళ్ళేదాన్ని కాదు.

మొన్న వానాకాలంలో నేను వాటి గురించి రాసేనాటికి అక్కడ నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పైన అన్ని బండ్లు పోతుంటే కింద అంత చల్లటి చోటొకటి ఉందని ఎవరికీ తెలియదు. ఇవాళ ముక్కు మూసుకుని దిగాల్సి వచ్చింది. రెండో మెట్టు మీదే ఎవడో మహానుభావుడు పని కానిచ్చేసి పోయాడు. గోడలో లాంతరు పెట్టుకునే గూడు నిండా సిగరెట్ పీకలు, చిప్స్ పాకెట్లు, ఎవరో సగం కొరికి వదిలేసిన బన్ను, దాని నిండా చీమలు. గోడంతా ప్రేమికుల పేర్లు, మేకుతో గీకి గీకి. అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఇంట్లో గోడ మీద గీక్కోవచ్చు కదా.

ఫోటో దిగుతున్న ఒక జంట నన్ను చూసి, "ఆంటీ, కాస్త పక్కకి జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అన్నారు. నా మెట్ల మీద నన్ను జరగమన్నారు. జరిగాను. జరిగినచోట చెప్పు కింద ఏదో మెత్తగా తగిలింది. అదేమిటో చూడలేదు. ఇంటికొచ్చి చెప్పులు గుమ్మం బయటే పారేశాను.

జనమంటేనే అసహ్యం పుడుతోంది. ఒక మంచి చోటు చూపిస్తే చాలు, ముందు ఫోటో తీసుకుంటారు, తర్వాత తింటారు, ఆ తర్వాత గోడ తడుపుతారు. అప్పటిగ్గానీ ఆ చోటు తమ సొంతమైనట్టు ఉండదు.

దారి చూపించింది నువ్వే కదా అని ఎవరైనా అడగవచ్చు. నేను ఏనాడూ చిరునామా రాయను. ఆనవాళ్ళు మాత్రమే ఇస్తాను. ఆదివారం పేజీలో నా శీర్షికకున్న గొప్పే అది. వెతుక్కుని వెళ్ళి ముందుగా ఫోటో పంపినవాళ్ళ బొమ్మ మరుసటి వారం వేస్తాం. వెతికేది వాళ్ళు, నేను కాదు.

ఫిబ్రవరి 6

ఆహాతో మళ్ళీ గొడవ. మా ఎడిటర్‌ను వెనకాల అందరం ఆహా అనే అంటాం. ఏం చెప్పినా ముందు ఆహా అంటాడు, వెంటనే వద్దంటాడు.

"పాత బస్సులు పడేసిన షెడ్డొకటి ఉంది సార్."

"ఆహా. పోయినేడు వేశాంగా."

"నీళ్ళ ట్యాంకు లోపలి మెట్లు?"

"ఆహా. మళ్ళీ తుప్పేనా? పాఠకులకి మనుషులు కావాలమ్మా. ఎవరికీ తెలియని చోట, ఎవరికీ తెలియని మనుషులు."

ఆయన పళ్ళ సందులో పొద్దున తిన్నదేదో ఆకుపచ్చగా ఇరుక్కుని ఉంది. మాట్లాడినంతసేపూ దాన్నే చూశాను. వచ్చేవారానికి కొత్తది తేకపోతే నా జాగా వంటల శీర్షికకి ఇచ్చేస్తాడట. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో సందుగొందులన్నీ కాళ్ళరిగేలా తిరిగింది చివరికి పచ్చళ్ళకి దారి వదలడానికి.

ఫిబ్రవరి 7

సాయంత్రం చెల్లి పని నుంచి వచ్చాక దాని కాలికట్టు విప్పాను. పిక్క మీద నరాలు తాడులా మెలితిరిగి పైకి ఉబ్బాయి. చీలమండ దగ్గర చర్మం నల్లబడి మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. డాక్టరు మందుల కంటే ముందు చెప్పిన మాట ఒకటే. మధ్యాహ్నం కాసేపైనా కాళ్ళు ఎత్తి పెట్టుకుని పడుకోవాలి. లేకపోతే పుండు పడుతుంది. పడితే ఒక పట్టాన మానదు.

చెప్పడం తేలిక. అది పని చేసేది ఊళ్ళోకెల్లా పెద్ద దుకాణంలో, పరుపుల అంతస్తులో. చుట్టూ మంచాలు, మంచాల మీద పరుపులు, పరుపుల మీద దిండ్లు. వాటి మధ్య పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడాలి. అమ్మే ఆడవాళ్ళు కూర్చోకూడదు, గోడకి ఆనుకోకూడదు. కూర్చుని కనబడితే ఒకసారి హెచ్చరిక, రెండోసారి ఇంటికి. ఈ నియమం పెట్టినవాడి కాళ్ళకి పురుగులు పట్టాలి.

"ఇంత వాపు పెట్టుకుని ఎలా నిలబడుతున్నావే?"

"మధ్యాహ్నం పడుకుంటున్నాగా."

"ఎక్కడ? ఆ పరుపుల మీదా?"

"పరుపుల మీద పడుకుంటే గద్ద బతకనిస్తుందా?" గద్ద అంటే వాళ్ళ సూపర్‌వైజరమ్మ. "మాకో చోటుందిలే."

అని, నాలుక కరుచుకుంది. ఎంత అడిగినా చెప్పలేదు. మీ పేపర్లో రాసే రకం చోటు కాదులే అక్కా, ఊరుకో అంది.

ఈ ఊళ్ళో నాకు తెలియని చోటు మా చెల్లికి తెలుసట. నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 9

రెండ్రోజులు చెవిలో జోరీగలా వెంటపడితే ఇవాళ తీసుకెళ్ళింది.

దుకాణం వెనక మూతపడిన సినిమా హాలుంది. దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. ముందు గేటుకి తాళం. వెనక సందులో పొంగిపోతున్న చెత్తడబ్బాలు దాటి, కారుతున్న గొట్టం కింద వంగి వెళ్తే ఒక ఇనప తలుపు. ఆ సందు కంపు ఇంకా నా జుట్టులోనే ఉంది. తలుపు తీసింది గేటు తాత. హాలు నడిచే రోజుల్లో టికెట్లు చింపేవాడట, ఇప్పుడు కాపలా ఉంటున్నాడు.

"ఈవిడెవరమ్మా?"

"మా అక్క తాతా."

"అక్కయితే సరే. చప్పుడు చేయకండి, పడుకున్నారు."

కింద హాలంతా పావురాల రెట్ట, ఎలుకల కంపు. పైన బాల్కనీ మాత్రం తాత ఊడ్చి పెడతాడు. కుర్చీలు ఎప్పుడో పీకేశారు, వెడల్పాటి మెట్లు మిగిలాయి. పైకప్పు పెచ్చు ఊడినచోటు నుంచి కాస్త వెలుతురు. ఆ మెట్ల మీద దుకాణం ఆడవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు, తల కింది మెట్టు మీద, కాళ్ళు పై మెట్టు మీద. మెడలో కట్టుకునే యూనిఫాం రుమాలు విప్పి, అందరూ కళ్ళకి కట్టుకున్నారు. 

వాళ్ళకో పద్ధతి ఉంది. అందరికంటే చివర వచ్చిన మనిషి ఆ రోజు పడుకోకూడదు. కాపలా కూర్చుని, టైముకి ఒక్కొక్కరి కాలి బొటనవేలు పట్టుకుని లేపాలి. పేరు పెట్టి పిలవకూడదు. పేరు వినబడితే గద్దే పిలిచిందనుకుని దడుచుకుని లేస్తారట.

ఇవాళ నావల్ల ఆలస్యమై చెల్లే చివరైంది.

"నువ్వు పడుకోవే, నేను లేపుతాను."

"నీకు చేతకాదులే అక్కా. నువ్వు గట్టిగా పట్టుకుంటావు."

వాపు కాలు ముందుకి చాపుకుని కూర్చుంది. నేను వాళ్ళని చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళ తిరుగుడులో ఇంత మంచి చోటు నా కంటపడలేదు.

"ఇది రాయవుగా?" అంది బయటికొచ్చాక.

"ఛ, నాకు ఆ మాత్రం తెలీదా?"

ఫిబ్రవరి 10

రాయను.

ఫిబ్రవరి 12

వంటల శీర్షికావిడ నా బల్ల దగ్గరికొచ్చి, కిటికీ వెలుతురు ఎటునుంచి పడుతుందో చూసుకుంది. నా కుర్చీ వెనక్కి లాగి, ముందుకి తోసి, "గట్టి కుర్చీయే" అంది. ఆవిడ చేతికి వేయించిన ఉల్లిపాయల వాసన. కుర్చీకి అంటుకుంది, ఎంత తుడిచినా పోలేదు.

బాల్కనీ గురించి రాసి పెట్టుకుంటాను. నాకోసం. ఇవ్వడానికి కాదు.

ఫిబ్రవరి 13

అన్నీ మార్చేశాను. సినిమా హాలును పాత నాటకశాల చేశాను. బాల్కనీని నేలమాళిగ చేశాను. గేటు తాతని తీసేశాను. దుకాణం ఊసే లేదు. ఆడవాళ్ళు 'కొందరు శ్రామికులు' అయ్యారు. మెడలో రుమాలు విప్పి కళ్ళకి కట్టుకుంటారన్న వాక్యం కూడా కొట్టేశాను. రుమాలు ఆనవాలవుతుందని నాకు తెలీదా. ఇక కన్నతల్లి చూసినా గుర్తుపట్టదు.

చదువుకుంటే మాత్రం చప్పగా ఉంది. ఉప్పు లేని కూరలా ఉంది.

ఫిబ్రవరి 14

రుమాలు వాక్యం మళ్ళీ పెట్టాను. రంగు రాయలేదు. రంగు చెప్పనప్పుడు అది ఏ రుమాలైనా కావచ్చు. బొటనవేలు కూడా ఉంచాను. ఆ రెండూ లేకపోతే ఇక అందులో ఏముంది, నాలుగు మెట్లూ దుమ్మూ.

ఆహాకి ఇచ్చాను. జీవితంలో మొదటిసారి ఆహా అని ఊరుకున్నాడు, వద్దనలేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

వచ్చింది. చెల్లి పేపరు చదవదు. వంటింటి అరల్లో పరవడానికి మడతపెడుతూ నా పేజీ దగ్గర ఆగింది.

"ఈ వారం ఏం రాశావక్కా?"

"ఏదో పాత నాటకశాల."

"బాగుందా?"

"పర్లేదు."

అరలో పరిచి, దాని మీద పప్పుల డబ్బాలు సర్దింది.

ఫిబ్రవరి 20

నాటకశాల కోసం ఊళ్ళో ఉన్న నాటకశాలలన్నీ గాలించారట. దొరకలేదు. దొరకనప్పుడు నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవచ్చు కదా. ఒక తెలివైనవాడు ఆఫీసుకి రాశాడు: 'పనికి మెడలో రుమాలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్క దుకాణంలోనే ఉన్నారు. దాని వెనక ఏముందో చూశాం. మేడమ్ మమ్మల్ని బాగానే తిప్పలు పెట్టారు.' పక్కన నవ్వుతున్న బొమ్మ.

తాత అడ్డం నిలబడితే పక్కకి తోసేసి గుంపుగా పైకి ఎక్కారట, కాపలా కూర్చున్న మనిషి అందరినీ లేపేలోపే ఫోటో తీసేశారట. ఫోటో కూడా పంపాడు. అప్పటికే అది ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. మధ్యలో మా చెల్లి. కళ్ళకి రుమాలు, తెరుచుకున్న నోరు, పెదవి చివర చొంగ. ప్యాంటు పైకి జరిగి, కట్టు విప్పిన కాలు మొత్తం బయటికి. కింద ఒకడు 'ఎంత హాయి' అన్నాడు. ఇంకొకడు 'నిద్రాసుందరి' అన్నాడు. ఇంకెవడో ఆ కాలు చూసి వాంతి చేసుకుంటున్న మొహం బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మని నలభై మంది మెచ్చుకున్నారు.

నాకు నిజంగానే వాంతి వచ్చినంత పనయింది. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఆహా ఆ ఫోటోనే ఆదివారం వేద్దామన్నాడు. "మసకగా ఉంది సార్, బాలేదు" అన్నాను. ఒప్పుకున్నాడు. అది మా చెల్లి అని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఫిబ్రవరి 21

చెల్లి భోజనం చేయలేదు. నాతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 22

ఇవాళ మాట్లాడింది. కట్టు చుట్టుకుంటూ, తలెత్తకుండా.

"గద్ద ఫోటో పట్టుకుని మమ్మల్ని వరసలో నిలబెట్టింది. అందరి మొహాలకీ రుమాళ్ళున్నాయిగా. అందుకని చెప్పులు విప్పించి పాదాలు చూసింది. ఒక్కొక్కళ్ళ పాదాలూ ఫోటోతో పోల్చుకుంది. నా దగ్గర మాత్రం పోల్చాల్సిన పని లేకపోయింది. ఈ కాలు ఇంకెవరికుంది?"

"ఏమంది?"

"హెచ్చరిక. అందరికీ. ఇక మధ్యాహ్నం ఎవరూ బయటికి పోకూడదట. ఉన్నచోటే నిలబడి తినాలట. ఇనప తలుపుకి వెల్డింగ్ పెట్టించారు. తాతని పంపేశారు."

"నేను నాటకశాల అనే రాశానే..."

"నువ్వేమని రాశావో నేను చదవలేదక్కా. వేలు పట్టుకుని లేపడం కూడా రాశావట. కర్టెన్లమ్మే అక్క చదివి చెప్పింది. మనలోనే ఎవరో చెప్పి ఉంటారని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. మా అక్కే రాసిందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నోరు మూసుకుని నిలబడ్డాను."

తల కొట్టేసినట్టయింది. అయినా అది పద్ధతిగా అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఫిబ్రవరి 23

తప్పంతా ఆ ఉత్తరం రాసినవాడిదే. పనీపాటా లేని వెధవ.

ఫిబ్రవరి 28

పుండు పడింది. చీలమండ పైన, రూపాయి బిళ్ళంత. అంచులు ఎర్రగా, మధ్యలో పసుపు పచ్చగా, నీరు కారుతోంది. పాత కట్టు దానికి అంటుకుపోతే గోరువెచ్చటి నీళ్ళు పోసి నానబెట్టి మెల్లగా లాగాను. వాసన గుప్పుమంది. ఓర్చుకుందామనే అనుకున్నాను. నాకు తెలియకుండానే మొహం పక్కకి తిప్పేసుకున్నాను.

అది చూసింది.

"ఇలా ఇయ్యి. నేనే కట్టుకుంటాను" అంది.

మార్చి 2

దుకాణానికి వెళ్ళాను. మేనేజర్ కాళ్ళమీద పడైనా సరే, వాళ్ళందరికీ కూర్చోవడానికి కాసింత చోటు అడుగుదామని. నా పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మీరేనా మేడమ్? కూర్చోండి, కూర్చోండి. మీ వ్యాసం వచ్చినప్పటి నుంచి ఎంత జనమనుకున్నారు! ఆ హాలు చూద్దామని వస్తున్నారు, తలుపు మూసుందని మా షాపులోకి వస్తున్నారు."

మాట్లాడుతూ బండి తాళంతో చెవి గెలుక్కున్నాడు. తాళం చివర ఏముందో చూసుకుని చొక్కాకి తుడుచుకున్నాడు. పరుపుల అంతస్తులో అచ్చం ఆ బాల్కనీలాంటిదే కట్టిస్తున్నారట. అవే మెట్లు, అదే వెలుతురు, ప్రతి మెట్టు మీదా ఒక రకం పరుపు. పడుకునేవాళ్ళకి కళ్ళకి కట్టుకోవడానికి రుమాలు ఉచితం.

"ఆ ఫోటోలో పడుకున్నది మా అమ్మాయేనట మేడమ్. ఆమెకే అక్కడ డ్యూటీ వేశాం. అసలు మనిషి పక్కన నిలబడి చెప్తే జనానికి ఒక నమ్మకం. ప్రారంభానికి మీరు రావాలి. ఒక్కసారి అలా పడుకుంటే చాలు, ఫోటోలు తీయిస్తాం. మీ ఎడిటర్ గారితో కూడా మాట్లాడాను."

"మీ స్టాఫ్ కాసేపు కూర్చోవడానికి..."

"చూద్దాం మేడమ్. అదీ చూద్దాం. మీరు ముందు రండి."

గొంతు దాకా వచ్చింది, కాండ్రించి ఉమ్మేద్దామని. వస్తానని చెప్పి వచ్చాను. చూద్దామంటే కాదని కాదు కదా.

మార్చి 5

"ప్రారంభానికి నువ్వొస్తున్నావటగా" అంది చెల్లి.

"నీకోసమేనే."

"రాకక్కా."

"అందరూ ఉంటారు, పేపరువాళ్ళుంటారు. అందరి ముందూ అడుగుతాను. ఈమె మా చెల్లి, ఈమె కాలు ఇలా ఉంది, వీళ్ళకి కుర్చీలు వేయించండి అని అడుగుతాను. అంతమంది ముందు కాదనలేడు."

నా వైపు తిరిగింది.

"నిజంగా అడుగుతావా?"

"అడుగుతాను."

"అయితే రా." పక్కమీద కాలు పైకి జరుపుకుంది. "కర్టెన్ల అక్కకి చెప్తాను, రాసింది మా అక్కేనని. అడగబోయేది కూడా మా అక్కేనని."

పుండు పడ్డాక మొదటిసారి కట్టు నన్ను కట్టనిచ్చింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

మార్చి 8

ఏం అడగాలో అద్దం ముందు చెప్పుకుని చూసుకున్నాను. బాగా వచ్చింది.

మార్చి 10, ఆదివారం

రాయకుండా పడుకుందామనుకున్నాను. రాస్తాను.

అట్టతో చేసిన మెట్లు. పైన ప్లాస్టరు పెచ్చు ఊడినట్టు రంగు వేశారు, అందులోంచి పసుపు పచ్చ బల్బు. అట్ట పావురాలు కూడా పెట్టారు, రెట్ట లేకుండా. సెంటు కొట్టారు, ముక్కు పగిలిపోయేంత. చెల్లి కింద మెట్టు పక్కన నిలబడి ఉంది, కొత్త రుమాలు, మొహానికి పౌడరు. కట్టు కనబడకుండా పొడుగు మేజోళ్ళు వేయించారు. ఆ మేజోడు చీలమండ దగ్గర తడిగా ఉంది. అవతల కర్టెన్ల వైపు నుంచి ఆడవాళ్ళందరూ తొంగి తొంగి చూస్తున్నారు. పెద్దావిడ నన్ను చూసి మెల్లగా తల ఊపింది. ఆవిడే కర్టెన్ల అక్క అనుకుంటాను.

ఆహా వచ్చాడు. వంటల శీర్షికావిడ కూడా వచ్చింది. కెమెరాలు వచ్చాయి. మేనేజర్ మైకు పట్టుకుని నన్ను పొగిడి, చెల్లిని ముందుకి లాగాడు. ఫోటోలో అమ్మాయి ఈమేనని చెప్పాడు. కొంతమంది ఫోన్లు తీసి ఆ ఫోటోతో దాన్ని పోల్చుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు మేనేజర్ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. "పోలికలు కనిపిస్తున్నాయే మేడమ్. ఈ అమ్మాయి మీకేమైనా అవుతుందా?" అని మైకు నా నోటి ముందు పెట్టాడు.

అంతకంటే మంచి సందు ఎవరికీ దొరకదు. చెల్లి నా వైపు చూసింది. దాని మొహంలో భయం లేదు, నేను చెప్పేస్తానన్న నమ్మకం ఉంది. నాకేమో ఆ చొంగ, ఆ కాలు, ఆ వాంతి బొమ్మ కళ్ళముందు తిరిగాయి. ఆహా నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్తే దాని ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. కాదు, అలా అనుకోలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే తోచింది. అప్పుడు ఏమీ అనుకోలేదు. సిగ్గేసింది, అంతే.

"లేదండీ" అన్నాను. "ఏమీ కాదు."

నా మీద నాకు పుట్టిన అసహ్యం వంతెన మెట్ల మీద కూడా పుట్టలేదు. కర్టెన్ల వైపు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి పనిలోకి వెళ్ళిపోయారు.

పడుకోమన్నారు. చెప్పులు విప్పబోతుంటే చెల్లి ముందుకొచ్చింది.

"ఉంచుకోండి మేడమ్, పర్లేదు."

కోపంగా అనలేదు. కొనడానికి వచ్చిన ఎవరితోనైనా అలాగే అంటుంది. జబ్బు కాలు పక్కకి చాపి, మంచి మోకాలి మీద వంగి, పరుపు పాడవకుండా నా చెప్పుల కింద ప్లాస్టిక్ కాగితం పరిచింది. రుమాలు నా కళ్ళకి కట్టి వెనక ముడి వేసింది. ముడి బిగించలేదు, వదులుగానే వేసింది.

పరుపు చాలా మెత్తగా ఉంది. కాళ్ళు పైకి పెట్టుకుంటే ఒళ్ళంతా తేలికైంది. రుమాలు సందులోంచి కొంచెం కనిపిస్తూనే ఉంది. ఫోటోలు తీసినంతసేపూ చెల్లి నా కాళ్ళ దగ్గర నిలబడే ఉంది.